విడిచిపెట్టుటయా, అప్పగించుటయా?

(చదువవలసిన భాగములు: హోషేయ 11:1–9, లూకా 15:11–24, యోహాను 19:28–30)



ఇంగ్లీషులో ‘గివ్’ అనగా ఇచ్చుట, ‘అప్’ అనగా పైకి. ఈ రెండు మాటలు మన పల్లెలలోని చిన్న పిల్లలకు సహితము తెలియును. అయితే రెంటిని జతచేసి ‘గివ్ అప్’ అని పలికినప్పుడు, దానికి పైకి ఇచ్చుట అని అర్థము వ్రాసినవాడు పరీక్ష తప్పును. ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న నేనే, ఒక రాత్రి ఈ మాటకు అర్థము చెప్పలేక మా తల్లి యెదుట తల వంచుకొంటిని. ఆ సంగతి కొంచెము తరువాత చెప్పెదను. మొదట మాట సంగతి చూతము.

బీడీ మానివేసినవాడు చేసినది ‘గివ్ అప్’. బస్సులో చూలాలిని చూచి తన సీటు ఇచ్చి లేచి నిలుచున్న కుర్రవాడు చేసినదియు ‘గివ్ అప్’. కోట తలుపులు తెరచి శత్రువునకు లొంగిన సైన్యము, పరుగెత్తి పరుగెత్తి అలసి తానై పోలీసుస్టేషనుకు నడచి వెళ్లిన నేరస్థుడు, పొడుపుకథ విప్పలేక ‘ఓడిపోయాను, నువ్వే చెప్పు’ అన్న చిన్నపిల్ల, రోగి మంచము ప్రక్కన నిలిచి పెదవి విరిచిన వైద్యుడు, పెంచుకొనలేక తన బిడ్డను మరియొకరి ఒడిలో పెట్టిన తల్లి – వీరందరు చేసిన పనికిని ఇంగ్లీషువారికి ఈ ఒక్క మాట చాలును. 2015వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము, కలిగినవారు వంటగ్యాసు రాయితీని తమంతట తామే వదలుకొనవలెనని కోరినప్పుడు ఆ పిలుపునకు పెట్టిన పేరు ‘గివ్ ఇట్ అప్’. కోటి కుటుంబములకు పైగా వదలుకొనిరి. లెంతు దినములలో మాంసము మానుటయు ఇంగ్లీషు క్రైస్తవులకు ‘గివ్ అప్’ చేయుటయే. (మనలో కొందరు నలువది దినములు మాని, ఈస్టరునాడు తెల్లవారకముందే మాంసపు కొట్టు ముందు వరుసలో నిలుచుట నేనెరుగుదును. నేనును ఆ వరుసలో నిలిచినవాడనే.)

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. 1755లో తన గొప్ప నిఘంటువును ప్రచురించిన సామ్యూల్ జాన్సన్ పండితుడు దాని పీఠికలో ఈ సంగతి ఒప్పుకొనెను. క్రియకు ఒక చిన్న పదమును తగిలించి అర్థమును మార్చివేయు పద్ధతి ఇంగ్లీషులో మిక్కుటమనియు, పరదేశులకు మిక్కిలి కష్టము కలిగించునది అదియే యనియు ఆయన వ్రాసెను. ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ‘ఫాల్ ఆఫ్’ ఒకటి. జారి పడుట అని మనమనుకొందుము. ఆయన దానికి చెప్పిన అర్థము విశ్వాసభ్రష్టుడగుట! ఇట్టి జంటమాటలకు ‘ఫ్రేజల్ వెర్బు’ అను పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన పుస్తకము వలన వ్యాప్తిలోనికి వచ్చెను.

‘గివ్ అప్’లోని ‘అప్’కు పైకి అను అర్థము చాలవరకు అరిగిపోయి, పని పూర్తియైనదని తెలుపుటయే మిగిలియున్నది. ‘ఈట్ అప్’ అనగా మిగల్చక తినివేయుట. ‘డ్రై అప్’ అనగా బొత్తిగా ఎండిపోవుట. ఆలోచించి చూడగా మన తెలుగు కూడ ఇట్టి పనినే చేయుచున్నది. వారు క్రియ వెనుక చిన్న పదమును తగిలింతురు. మనము మరియొక క్రియనే తగిలింతుము. తిను అనుదానికి వేయు చేర్చి తినివేయు అందుము. ఎండు అనుదానికి పోవు చేర్చి ఎండిపోవు అందుము. అయితే మన భాషలో ఒక మేలున్నది. ‘వదలుకొనెను’ అనుటకును ‘వదలివేసెను’ అనుటకును గల భేదము అక్షరము రానివానికి సహితము తెలియును. అన్న తన వాటా పొలమును తమ్ముని కొరకు వదలుకొనెను అందుము. తండ్రి బిడ్డలను వదలివేసెను అందుము. మొదటిదానిలో నష్టము వదలినవానిది. రెండవదానిలో నష్టము వదలబడినవారిది. ఒక చిన్న ‘కొను’, ఒక చిన్న ‘వేయు’! ఈ రెంటి నడుమ త్యాగమునకును ద్రోహమునకును ఉన్నంత దూరమున్నది.

ఇంగ్లీషు మాటలో ఆ దూరము పైకి కనబడదు. ఒక మనుష్యుని గూర్చి ఆశ వదలుకొనుటను ప్రత్యేకముగా చెప్పవలెనన్నప్పుడు వారు ‘ఆన్’ అను ఇంకొక ముక్కను తగిలించి ‘గివ్ అప్ ఆన్’ అందురు గాని, కడుపు మండియున్నవాడు ఆ ముక్కను వెదకుచు కూర్చుండడు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. అది 2012వ సంవత్సరము, వేసవి. నా తమ్ముడు తాపీమేస్త్రీ. వాడు కట్టిన గోడకు నూలు పట్టి చూచినను వంకర దొరకదు. కాని సాయంకాలము చేతికి వచ్చిన కూలి ఇంటికి చేరకముందే బెల్టుషాపులో దిగిపోవును. పట్టణములోని వైద్యుడు వాని కాలేయము చెడుచున్నదని చూచి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో, ఇతడు ‘గివ్ అప్’ చేయక తప్పదనెను. నేను తమ్మునితో ‘మానెయ్యాలంట్రా’ అని చెప్పితిని. వాడు తల ఊపెను. పదునెనిమిది దినములు మానెను కూడ. పందొమ్మిదవ దినమున మా అమ్మ పెండ్లినాటి ఇత్తడి బిందె ఇంటిలో కనబడలేదు.

ఆ రాత్రి మా సంఘకాపరి మమ్మును పలుకరించుటకు వచ్చి అరుగు మీద కూర్చుండెను. అమ్మ దీపము క్రింద చేటలో బియ్యము ఏరుచుండెను. నేను కాపరితో, ‘అయ్యగారూ, ఐ గివ్ అప్’ అంటిని. అమ్మ మనస్సు నొచ్చుకొనకూడదని ఇంగ్లీషులో అంటినని అప్పుడు నాకు నేను చెప్పుకొంటిని. అది నిజము కాదు. ఆమె నన్ను ప్రశ్నింపకూడదనియే ఇంగ్లీషులో అంటిని.

అమ్మ చేట ఆపెను.

‘ఏందిరా పెద్దోడా, దొరల మాటల్లో ఏందో అన్నావు?’

‘ఏం లేదులే అమ్మా.’

‘లేకేం? చిన్నోడి సంగతేగా. చెప్పు.’

ఏమి చెప్పవలెను? మానుకొంటినని చెప్పుదునా? నేను మానుకొన్నదేమి? లొంగిపోతినని చెప్పుదునా? ఎవనికి? వాని మీద ఆశ వదలుకొంటినని చెప్పుటకు తల్లి యెదుట నోరు రాలేదు. విడిచిపెట్టితిని అను మాట నాలుక చివరకు వచ్చి ఆగిపోయెను. ఇంగ్లీషులో నేను ఏ అర్థమునైనను ఎన్నుకొనకుండ, అన్ని అర్థముల చాటున దాగుకొనగలిగితిని. తెలుగులోనికి వచ్చునప్పటికి ఒకదానిని ఎన్నుకొని తీరవలసి వచ్చెను. బడిలో పిల్లవానికి చెప్పినట్లు మొదలుపెట్టితిని.

‘గివ్ అంటే ఇవ్వడం అమ్మా.’

‘ఇవ్వడమా? ఎవరికి?’

‘ఎవరికీ కాదమ్మా. ఊరికే ఆ మాట అట్టా అంటారు.’

‘ఎవరికీ కాకుండా ఇచ్చేదాన్ని ఇవ్వడమంటారంట్రా? పారెయ్యడమంటారు.’

ఇట్లు చెప్పి ఆమె మరల బియ్యము ఏరుకొనసాగెను. కాపరి ఏమియు పలుకక, ప్రార్థన చేసి వెళ్లిపోయెను.

మా అమ్మ సంతకము చేయనేర్చినది అరువదవ యేట. ఆమె అడిగిన ‘ఎవరికి?’ అను ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. మరునాటినుండి నేను ఇంగ్లీషు బైబిలును తెలుగు బైబిలును ప్రక్కప్రక్కన తెరచి, ఈ మాట ఎక్కడెక్కడ వచ్చుచున్నదో వెదకసాగితిని. మాస్టరునకు తెలిసిన మార్గము అదొక్కటే గదా.

1611లో వెలువడిన కింగ్ జేమ్సు బైబిలులో ‘గివ్ అప్’ ఎక్కువగా నిలిచియున్నచోటు మరణము. ప్రాణము విడుచుటను ఆ బైబిలు ‘గివ్ అప్ ద ఘోస్ట్’ అని చెప్పుచున్నది. ఘోస్ట్ అనగా ఈనాడు దయ్యము గనుక, బడిలో ఈ మాట వచ్చినప్పుడెల్ల వెనుక బల్లమీది పిల్లలు నవ్వెడివారు. ఆ దినములలో దానికి ఆత్మ అను అర్థముండెను. ఈ మాటతోనే అబ్రాహాము నిండు వృద్ధాప్యములో కన్నుమూసెను. భూమి అమ్మిన వెలలో కొంత దాచి అబద్ధమాడిన అననీయ పడిపోయినప్పుడును ఈ మాటయే. పురుగులు పడి చచ్చిన హేరోదునకును ఈ మాటయే. మార్కు, లూకా, యోహాను సువార్తలలో మన ప్రభువు సిలువమీద మరణించినప్పుడును ఈ మాటయే. మత్తయిలో మాత్రము మొదటి ముక్కను మార్చి ‘యీల్డెడ్ అప్’ అని వ్రాసిరి. భక్తునికిని భ్రష్టునికిని, రాజునకును రక్షకునికిని ఒకే మాట! ఈనాటి ఇంగ్లీషువారు పాత మోటారు చెడి ఆగిపోయినను హాస్యమునకు ఆ మాటయే అందురు.

అయితే సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషలో ఆ నాలుగు చోట్ల ఒకే మాట లేదు. మార్కును లూకాయు శ్వాస విడిచెనని వ్రాసిరి. మత్తయి ఆత్మను పోనిచ్చెనని వ్రాసెను. యోహాను ఒక్కడే ‘పరదిదోమి’ అను క్రియను వాడెను. అది ఒక చేతిలోనుండి మరియొక చేతిలోనికి ఇచ్చుట. మన తెలుగు బైబిలును తర్జుమా చేసినవారు ఈ భేదమును గుర్తెరిగి, తక్కిన మూడు సువార్తలలో ప్రాణము విడుచుటనుగూర్చి వ్రాసి, యోహాను 19:30లో మాత్రము ఆత్మను అప్పగించుట అను మాట పెట్టిరి. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును? అయినను వారు చేసిన ఈ చిన్న పనికి నేను వారికి ఋణపడియున్నాను.

విడుచుటకు రెండవవాడు అక్కరలేదు. చేయి తెరచిన చాలును, చేతిలోనిది పడిపోవును. అప్పగించుటకు పుచ్చుకొనువాడొకడు కావలెను. ‘ఎవరికి?’ అను ప్రశ్నకు జవాబు లేకుండ ఆ క్రియ తెలుగులో నిలువనే నిలువదు. యోహాను ఆ జవాబు వ్రాయకపోయినను, లూకా వ్రాసెను: ప్రభువు తన ఆత్మను ఉంచినది తండ్రి చేతులలో.

మన పెండ్లిండ్లలో అప్పగింతలు చూడుడి. తండ్రి తన కూతురి చేతిని అత్తమామల చేతులలో పెట్టును. ఆ వేళ కన్ను చెమర్చని తండ్రిని నేను చూడలేదు. అంతవరకు ఆమె ఎప్పుడు తినెనో ఎప్పుడు పండుకొనెనో లెక్కచేయనివాడు సహితము, ఆ చేయి విడిచిన దినమునుండి ఆమె కొరకు దారి చూచును. పండుగకు పిలుచును, కానుపునకు తెచ్చుకొనును, ఆ ఊరినుండి ఎవరు వచ్చినను మొదట ఆమె క్షేమమే అడుగును. అప్పగించినవాడు విడిచిపెట్టినవాడు కాడు.

ఇంతటితో ఆగినయెడల, అప్పగించుట మంచిదనియు విడిచిపెట్టుట చెడ్డదనియు చెప్పి కాగితము మడచి పెట్టవచ్చును. గ్రీకు మాట మనలను అంత సులభముగా పోనీయదు. యూదా ప్రభువును పట్టియిచ్చిన పనికిని ఈ ‘పరదిదోమి’యే. ప్రధానయాజకులు ఆయనను పిలాతునకును, పిలాతు ఆయనను సిలువకును ఇచ్చిన పనికిని ఇదియే. రోమా పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు మనుష్యులను వారి దురాశలకు అప్పగించెనని పౌలు మూడుమారులు వ్రాసిన చోటను ఇదియే. కింగ్ జేమ్సు బైబిలు అందులో రెండుమారులు మన ‘గివ్ అప్’నే పెట్టినది. అదే పత్రిక ఎనిమిదవ అధ్యాయములో తండ్రి తన సొంత కుమారుని మనకొరకు అప్పగించెను అన్నచోటను ఇదియే. గలతీ పత్రికలో కుమారుడు తన్ను తానే అప్పగించుకొనెను అన్నచోటను ఇదియే.

కాబట్టి ‘ఎవరికి?’ అను ప్రశ్న ఒక్కటే చాలదు. యూదాను ఆ ప్రశ్న అడిగినయెడల అతనియొద్దను జవాబున్నది. ప్రధానయాజకులకు, ముప్పది వెండి నాణెములకు. ఇక్కడ మన ‘కొను’, ‘వేయు’ మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. అప్పగించినవాడు ఏమి పోగొట్టుకొనెను? యూదా మొదట సంచి నింపుకొనెను. తండ్రి తన కుమారునే ఇచ్చెను. నేను ఆ రాత్రి ‘గివ్ అప్’ అన్నప్పుడు పోగొట్టుకొనదలచినది ఏమియు లేదు. నిజముగా చెప్పవలెనన్న, నాకు కలుగబోవు నెమ్మదియే నా కంటికి కనబడెను.

ఇక హోషేయ. ఈ ప్రవక్త గ్రంథమును నేను చాల సంవత్సరములు పైపైన చదివితిని. నాలుగవ అధ్యాయములో ఎఫ్రాయిము విగ్రహములతో జతకూడినది గనుక దాని జోలికి పోవద్దని దేవుని మాట కఠినముగా వినబడును. పదునొకండవ అధ్యాయమునకు వచ్చునప్పటికి, చేయి పట్టుకొని నడక నేర్పిన ఆ బిడ్డను తాను ఎట్లు ఇచ్చివేయగలనని ఆ దేవుడే తనలో తాను పెనుగులాడుచున్నాడు. ఇంగ్లీషు బైబిలులో ఇక్కడను ‘గివ్ అప్’ ఉన్నది. హెబ్రీలో ఉన్నది మాత్రము ఇచ్చుట అను మామూలు క్రియయే. అందులో ‘అప్’ లేదు. మా అమ్మ ప్రశ్న సూటిగా వచ్చి ఇక్కడ నిలుచుచున్నది. ఎవరికి ఇచ్చుట?

అష్షూరునకు. క్రీ.పూ. 722 ప్రాంతమున షోమ్రోను అష్షూరీయుల చేతిలో పడెను. జనులు చెరగొనిపోబడిరి. ఎట్లు ఇత్తునని కుమిలిన దేవుడే తుదకు ఇచ్చెనా? బోధకులు ఈ చోటికి వచ్చి, ఎనిమిదవ వచనములోని ప్రేమను చెప్పి, చరిత్రను తడమక దాటిపోవుట నేను చాలమారులు వింటిని. నేనును ఆదివారపు బడిలో అట్లే దాటితిని. ఇప్పుడు దాటలేకున్నాను. నాకు తోచినది ఇది: విడువకపోవుట అనగా ఫలితమును అడ్డుకొనుట కాదు. ఎఫ్రాయిము విత్తినది ఎఫ్రాయిమే కోసెను. దేవుడు ఆ పంటను తగులబెట్టి కాపాడలేదు. అయినను కోతకాలమున ఆయన ముఖము త్రిప్పుకొని కూర్చుండలేదు. ఆ అధ్యాయమంతయు ఆయన లోపలి మంటయే. వాని కాలేయము చెడకుండ నేను ఆపలేను. వాని కాలేయము చెడుచుండగా నాకేమి అని యుండుట వేరు.

లూకా వ్రాసిన తండ్రియు అట్టివాడే. చిన్నవాడు తన భాగము అడుగగా ఇచ్చెను. వాడు వెళ్లుచుండగా ద్వారమునకు అడ్డము నిలువలేదు. దూరదేశమునకు మనుష్యులను పంపలేదు, డబ్బు పంపలేదు, పందుల పొట్టుకు ఆశపడుచుండగా అన్నము పంపలేదు. ఆయన ఎన్నియో వదలుకొనెను. అయితే కొడుకింకను దూరమున నుండగానే ఆయన చూచెను అని వ్రాయబడియున్నది. చూడనివానికి దూరముననున్నవాడు కనబడడు గదా.

ఆ సంవత్సరము ఆగస్టులో మా సంఘపెద్దలు నా తమ్ముని సంగతి విచారించుటకు కూడిరి. నేనును పెద్దలలో ఒకడను. లేచి వెళ్లవలెనో కూర్చుండవలెనో తెలియక తలుపు ప్రక్కన కూర్చుంటిని. ఒకరు మత్తయి 18:17 చదివి, వినని సహోదరుని అన్యునిగాను సుంకరిగాను ఎంచవలెను గదా అనిరి. మరియొకరు, సుంకరులను ప్రభువు ఏమి చేసెనో ఆ సువార్త పేరే చెప్పుచున్నది గదా అని మెల్లగా జవాబిచ్చిరి. ఇంకొకరు మొదటి కొరింథీ అయిదవ అధ్యాయము తీసి, అట్టివానిని సాతానునకు అప్పగించుమని పౌలే వ్రాసెననిరి. నేను అప్పటికి పుస్తకములు చూచియుంటిని గనుక ఒక్క మాట చెప్పితిని: అక్కడను అదే క్రియ, అయితే ఆ వాక్యము అప్పగించుటతో ముగియలేదు, వాని ఆత్మ రక్షింపబడుటకు అని దాని తరువాత నున్నది. పేరు కొట్టివేయలేదు. ప్రభువు సంస్కారములో పాలు కొంతకాలము ఆపవలెననియు, వారమునకొకసారి ఇద్దరు పెద్దలు వెళ్లి వానిని చూడవలెననియు తీర్మానించిరి. సంస్కారము ఆపుట ఆ ఆదివారమే జరిగెను. చూచుటకు వెళ్లుట నాలుగు వారములు జరిగి, నాట్లు ముమ్మరమగుటతో ఆగిపోయెను. మరల మొదలుపెట్టుడని అడుగుటకు నాకు మొగము చెల్లలేదు. ఆ నాలుగు వారములలో నా వంతు వచ్చినప్పుడు నాకును పొలము పని తగిలెను.

మా అమ్మ ఏ తీర్మానము వ్రాసుకొనలేదు. ఆమె ఏమేమి విడిచెనో నేను మెల్లగా గమనించితిని. పింఛను డబ్బు వానికి ఇచ్చుట మానెను. బెల్టుషాపువాని యింటికి తానే నడచి వెళ్లి, ‘నా పేరు చెప్పి అప్పిస్తే నేను తీర్చను, నా పెద్దోడూ తీర్చడు’ అని చెప్పి వచ్చెను. వాడు త్రాగి పడిపోయిన చోటికి లాంతరు పట్టుకొని పోయి తెచ్చుట మానెను. ఒక దినము వాడు భార్యమీద చేయి చేసికొనగా, మరునాడు ఉదయమే కోడలిని ఇద్దరు మనుమలను తానే బస్సెక్కించి పుట్టినింటికి పంపివేసెను. ఆ చిన్నపిల్ల బామ్మ కొంగు వదలనని ఏడ్చెను. అమ్మ ఆ వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పెను. సొలొమోను న్యాయపీఠము ముందు, బిడ్డ బ్రదికిన చాలునని తన హక్కును వదలుకొన్న తల్లి కథ మనకందరకు తెలియును. నేను ఆ కథను బస్సుస్టాండులో చూచితిని.

ఈ మాట గట్టిగా చెప్పవలెను. ఓర్చుకొమ్మని, భర్తను విడువవద్దని దెబ్బలు తినుచున్న స్త్రీకి మనము సులభముగా బుద్ధి చెప్పుదుము. ఆ దెబ్బలు మన వీపు మీద పడుటలేదు. ఆ బిడ్డ విడిచినది దెబ్బలను. దానిని మనము ఏ ఇంగ్లీషు మాటతోను, ఏ తెలుగు మాటతోను తప్పుగా అనువదింపరాదు.

ఇన్ని విడిచిన మా అమ్మ ఒకటి విడువలేదు. రాత్రి అందరి భోజనములైన తరువాత ఒక కంచములో అన్నము కూర పెట్టి, మూతపెట్టి, పొయ్యి గట్టుమీద ఉంచెడిది. తలుపు గడియ వేసెడిది కాదు. వాడు వచ్చినప్పుడు లేచి మందలించెడిది కాదు, ఏడ్చెడిది కాదు, కొన్నిసార్లు లేచెడిదే కాదు. ఒకసారి నేను విసిగి, ‘ఎందుకమ్మా, వాడు మారతాడా?’ అంటిని. ‘మారితేనే పెట్టాలంట్రా అన్నం?’ అనెను.

ఆమె 2019లో ప్రభువునందు నిద్రించెను. ఆమెకు కడపటి ఊపిరి పోవునప్పుడు తమ్ముడు ప్రక్కననే యుండెను. ఆ దినము వాడు త్రాగలేదు. భూస్థాపనయైన మూడవ దినమున త్రాగెను.

వాడిప్పుడును తాపీపనికి పోవుచున్నాడు. కొన్ని నెలలు మానును, మరల మొదలుపెట్టును. భార్యాబిడ్డలు ఆమె పుట్టినింటనే యున్నారు. బామ్మ కొంగు పట్టుకొని ఏడ్చిన పిల్ల పెద్దదై నర్సు పని నేర్చుకొనుచున్నది. పండుగకు మా యింటికి వచ్చును, తండ్రితో రెండు మాటలు మాటలాడి పోవును.

కంచము పెట్టుట ఇప్పుడు నా భార్య చేయుచున్నది. నేను చెప్పలేదు, అమ్మయు చెప్పలేదట. తమ్ముడు వచ్చిన రాత్రి తిని, నీళ్లు త్రాగి, కంచము కడిగి బోర్లించి పోవును. వాడు రాని రాత్రి అన్నము తెల్లవారిన తరువాత గేదె కుడితిలో కలియుచున్నది.